ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు

మన అమ్రాబాదు సీమకును పల్నాటికిని నడుమ కృష్ణవేణియే హద్దు. ఇరుదరులను నల్లమలయే, అడవిని నమ్మి పసులను మేపుకొను పేదవాని పాటులు రెండుచోట్ల నొక్కటియే. కావున ఆవలిదరిని పన్ను నిరాకరించిన ప్రజలకై కష్టములకోర్చిన యొక న్యాయవాది చరిత్రమును మేము సంగ్రహముగా విన్నవింపఁ బూనితిమి.

పంతులుగారు 1877 వ సంవత్సరము డిసెంబరు 4 వ తేదీని సత్తెనపల్లి ప్రాంతమందలి వేములూరుపాడున బ్రాహ్మణకుటుంబమున జన్మించిరి. న్యాయశాస్త్రము నభ్యసించి, 1916 లో ఐర్లాండుదేశపు డబ్లిన్ నగరమున బారిస్టరు పట్టము నందిరి. గుంటూరున వృత్తి సాగించుచుండఁగా సహాయనిరాకరణోద్యమము రాఁగా, 1920 లో దానిని విడిచిరి.

1921 లో పల్నాటి రైతులు పుల్లరి చెల్లింపమని నిశ్చయించిరి. పుల్లరి యనఁగా అడవిలో పసులు మేసినందులకు సర్కారు తలకింతయని గైకొను పన్ను. పంతులుగారు మాడభూషి వేదాంతం నరసింహాచార్యులవారితోఁ గూడ నాసీమ కేఁగిరి. అచట నొక ధర్మసంకట మేర్పడెను. న్యాయస్థానములను బహిష్కరింపుమని కాంగ్రెసు శాసనము. అభియోగములకు గుఱియైన రైతునకో, వకీలు లేక దిక్కులేదు. కోర్టున నిలిచి వాదించియుండిన మేలుగదా యను నాక్షేపము తేలికగాఁ ద్రోసివేయఁదగినది కాదు. ఆ ఋణమును పంతులుగారు వేఱొకవిధమునఁ దీర్చిరి: రైతుపక్షమున వాదించుటకు మాఱుగా, రైతుతోపాటు తామును ముద్దాయియై యొక సంవత్సరము చెఱసాల కేఁగిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడునొద్ద కన్నెగంటి హనుమంతుగారు పోలీసుల తుపాకులకు బలియైరి. ఆ యుద్యమమున ప్రజ లిచ్చిన మూల్యమట్టిది.

రాయవేలూరు చెఱసాలలో పంతులుగారు మాలపల్లి నవలను రచించిరి. మాలకుటుంబమును కథానాయక స్థానమున నిలిపిన యాగ్రంథము 1922 లో వెలువడఁగా, 1923 లో మదరాసు ప్రభుత్వము నిషేధించెను. 1937 లోగాని నిషేధము పూర్తిగాఁ దొలఁగలేదు. గుంటూరున శారదానికేతనమును స్థాపించి, సహధర్మచారిణి లక్ష్మీబాయమ్మగారితోఁ గలిసి బాలికలకును వితంతువులకును విద్యాదానము గావించిరి. 1958 సెప్టెంబరు 25 న పరమపదించిరి.

కులసంఘ సంచికయందు వారి చరిత్ర మేల యని కొంద ఱడుగవచ్చును. అగ్రకులమున జన్మించియు, తమ విద్యను ఆ కులపు గడపలోపల బంధింపనివారు పంతులుగారు. అట్టివారిని మనవారని చెప్పుకొనుట సులభము. చెప్పుకొనుటకు అర్హులమగుట దుష్కరము. మన సంఘము చేయు విద్యాదానముచేఁ బట్టభద్రులగు యువకులలో నొక్కఁడైనను, ఫలము నాశింపక, దిక్కులేని రైతుపక్షమున నిలిచినచో మన పోషకుల ద్రవ్యము సార్థకమగునని మా విన్నపము.