పొగలో బలం చూసినవాడు

ఆల్‌ఫ్రెడ్ బ్యూకి పేరు మా మెకానికల్ క్లాసులో సరదాగా బూచి అయిపోయింది గానీ, నాకాయన ఓపికంటే గౌరవం. 1879లో స్విట్జర్లాండ్‌లోని వింటర్‌థూర్‌లో పుట్టి, జూరిచ్‌లో ఇంజనీరింగ్ చదివాడు. ఇంధనమిచ్చే వేడిలో పెద్ద వాటా సైలెన్సర్ దారినే పోతుంది కదా! ఆ పొగతో టర్బైన్ తిప్పించి, అదే ఇరుసు మీది కంప్రెసర్‌తో సిలిండర్లోకి గాలి కూరితే, అదే ఇంజన్ ఎక్కువ ఇంధనం మండించి ఎక్కువ పని చేస్తుందన్నది ఆయన ఊహ. 1905లో పేటెంట్‌కు పెట్టాడు. అప్పటికాయనకు 26 ఏళ్ళు. మన రీసెర్చ్ స్కాలర్ల ఈడే!

ఊహ పుట్టినంత సులువుగా యంత్రం పుట్టలేదు. మండే పొగకు తట్టుకుంటూ అంత వేగంగా తిరిగే చక్రం చెయ్యడమంటే మాటలా? ఇరవై ఏళ్ళు పట్టింది. 1925లో పది సిలిండర్ల ఓడ డీజిల్ ఇంజన్లు 1,750 హార్స్‌పవర్ నుంచి 2,500కి ఎగబాకాయి.

1959లో ఆయన పోయాడు. మూడేళ్ళకి, 1962లో, అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ వాళ్ళు జెట్‌ఫైర్ అనే చిన్నకారుకి (వాళ్ళ లెక్కలో చిన్నదే లెండి) బుల్లి టర్బో బిగించారు. గాలి ఒత్తిడికి పెట్రోలు అదను తప్పి పేలి ఇంజన్ కొట్టుకోకుండా, మిథనాల్ కలిపిన నీళ్ళు చిమ్మే ఏర్పాటూ చేశారు. ఆ ట్యాంకు నింపడం చాలామంది మరిచేవారు. విసిగి టర్బోనే ఊడదీయించుకున్నవాళ్ళూ ఉన్నారు.