మట్టినీ మనిషినీ అడిగి ఇల్లు కట్టిన లారీ బేకర్

హోసూరు నుండి రాయకోటకు పోయే దారిలో మన ఉద్దనపల్లి ప్రాంతపు పల్లెలలో నేడు ప్రతి కుటుంబంలోనూ ఒక చర్చ నడుస్తున్నది. తాతలనాటి మట్టిగోడల ఇంటిని పడగొట్టి సిమెంటు మిద్దె కట్టవలెనా, లేక ఉన్నదానినే బాగుచేసుకొనవలెనా అన్నదే ఆ చర్చ. కొడుకు అప్పు తెచ్చి కొత్త ఇల్లు కడదామంటాడు. ఈ చల్లదనం మళ్ళీ రాదురా అంటాడు తండ్రి. ఇద్దరి మాటలోనూ న్యాయమున్నది. ఈ ప్రశ్నకే తన జీవితమంతా ధారపోసిన మహనీయుడొకరు మన పొరుగున ఉన్న కేరళలో నివసించారు. ఆయన లారీ బేకర్. పుట్టుకతో ఆంగ్లేయుడైనా, మనసా వాచా కర్మణా భారతీయునిగా బ్రతికిన వాస్తుశిల్పి.

బేకర్ 1917 మార్చి 2వ తేదీన ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో జన్మించారు. ఆ నగరంలోనే వాస్తుశిల్ప విద్యను అభ్యసించి 1937లో పట్టభద్రులైనారు. యౌవనంలోనే క్వేకర్ల మార్గాన్ని అనుసరించారు. క్వేకర్లు క్రైస్తవులలో యుద్ధాన్ని పూర్తిగా నిరాకరించే వర్గంవారు. రెండవ ప్రపంచ యుద్ధం రాగానే బేకర్ తుపాకి పట్టక, క్షతగాత్రులకు సేవచేసే దళంలో చేరి చైనాకు వెళ్ళారు. అక్కడ కుష్ఠురోగుల సేవలో కూడ పాల్గొన్నారు. ఇండ్లు కట్టడం నేర్చిన చేతులు గాయాలకు కట్లు కట్టిన కాలమది.

చైనా నుండి స్వదేశానికి మరలిపోతూ ఓడ కొరకు ఆయన బొంబాయిలో కొన్ని నెలలు వేచియుండవలసి వచ్చింది. ఆ నిరీక్షణయే ఆయన జీవితాన్ని మార్చివేసింది. అక్కడ ఒక మిత్రుని ద్వారా గాంధీమహాత్ముని దర్శనం లభించింది. బేకర్ కాళ్ళకున్న, పాత గుడ్డముక్కలతో చేసిన చెప్పులు మహాత్ముని దృష్టిని ఆకర్షించాయని చెబుతారు. భారతదేశపు పల్లెలకు ఇటువంటి మనిషి అవసరమని గాంధీజీ ఆయనకు నచ్చజెప్పారు. ఇంటికి కావలసిన సామగ్రి అంతా ఆ ఇంటికి ఐదు మైళ్ళ దూరంలోనే దొరకవలెనన్న ఆయన భావన బేకర్ హృదయంలో నాటుకొన్నది. ఆ గాంధీజీకి సన్నిహిత సహచరుడైన రాజాజీ మన హోసూరు పక్కనున్న తొరపల్లిలో పుట్టినవారే గనుక, ఈ ఆలోచన మన నేలకు కొత్తది కాదు.

1945లో బేకర్ భారతదేశానికి తిరిగివచ్చి, కుష్ఠురోగుల ఆసుపత్రులను నిర్మించే పనిలో చేరారు. ఆ పనిలోనే ఆయనకు ఎలిజబెత్ జాకబ్ పరిచయమైనారు. ఆమె మలయాళీ వైద్యురాలు, హైదరాబాదులో అదే సేవాసంస్థలో పనిచేస్తూ ఉండేవారు. ఇరు కుటుంబాల అభ్యంతరాలను ఓపికతో దాటి 1948లో వారు వివాహం చేసుకొన్నారు. పెండ్లి అనంతరం హిమాలయ ప్రాంతంలోని పిథోరాగఢ్‌కు వెళ్ళగా, కొత్తగా వచ్చినామె వైద్యురాలని తెలిసి రోగులు రావడం మొదలైంది. విహారానికి వెళ్ళిన దంపతులు అక్కడనే ఆసుపత్రి కట్టి, సుమారు 16 సంవత్సరాలు ఉండిపోయారు.

బేకర్‌కు అసలైన పాఠశాల ఆ కొండప్రాంతమే. బర్మింగ్‌హామ్‌లో చదివిన చదువు అక్కడ చాలలేదు. కొండరాయి, మట్టి, కట్టె, పేడ వీటితో పల్లెవారు కట్టుకొన్న ఇండ్లు చలికి, వానకు, వాలు నేలకు తగినట్లు ఉండడం ఆయన గమనించారు. అక్షరం రాని మేస్త్రీల చేతిలో తరతరాల అనుభవం దాగియున్నదని గ్రహించి, వారికి శిష్యుడైనారు. ఆ వినయమే తరువాతి పనికంతటికీ పునాది.

1963లో ఆ దంపతులు కేరళలోని వాగమన్‌కు, 1969లో తిరువనంతపురానికి చేరుకొన్నారు. అక్కడ బేకర్ ఇల్లు కట్టే పద్ధతి లోకానికి తెలిసింది. ఆయనకు పెద్ద కార్యాలయం లేదు. ఇల్లు కోరినవారితో తానే స్వయంగా కూర్చొని మాట్లాడేవారు. ఇంటిలో ఎందరు, ఎవరేమి పని చేస్తారు, చేతిలో డబ్బెంత అని తెలుసుకొనేవారు. ఆపై స్థలానికి వెళ్ళి గాలి ఎటునుండి వీస్తున్నది, వాన నీరు ఎటు పారుతున్నది, ఏ చెట్టు ఎక్కడ ఉన్నది అని చూసేవారు. వాడిన కాగితాల వెనుక బొమ్మ గీసి, మేస్త్రీల పక్కన నిలిచి పని చేయించేవారు. చెట్టు అడ్డువస్తే గోడను వంపు తిప్పేవారే గాని, చెట్టును కొట్టనిచ్చేవారు కారు.

ఖర్చు తగ్గించడంలో ఆయన ఉపాయాలు ప్రసిద్ధమైనవి. ఇటుకలను పడుకోబెట్టక అంచుపై నిలిపి, నడుమ ఖాళీ ఉండేటట్లు గోడ కట్టడం అందులో మొదటిది. దీనిని ర్యాట్ ట్రాప్ బాండ్, అనగా ఎలుకబోను కట్టు అంటారు. దానివలన నాలుగవ వంతు ఇటుకలు మిగులుతాయి. గోడలోని గాలి వేడిని ఆపి ఇంటిని చల్లగా ఉంచుతుంది. రెండవది స్లాబులో భారం మోయని కింది భాగంలో మంగళూరు పెంకులు పెట్టి కాంక్రీటును పొదుపు చేయడం. కిటికీలకు బదులు ఇటుకలతోనే జాలీ కడితే గాలి, వెలుతురు వస్తాయి, చెక్క ఖర్చు తప్పుతుంది. గోడకు పూత లేకుండా ఇటుక అందాన్నే కనపడనిచ్చేవారు. సిమెంటు, ఉక్కు తయారీకి ఎంతో ఇంధనం దగ్ధమవుతుంది గనుక వాటిని మితంగా వాడవలెనన్నది ఆయన నియమం.

తిరువనంతపురం ఉళ్ళూరులోని అభివృద్ధి అధ్యయన కేంద్రం ఈ పద్ధతికి గొప్ప నిదర్శనం. అక్కడి భవనాలు కొండవాలు ప్రకారం, చెట్ల నడుమ ఒదిగి నిలిచాయి. పూంతురలో బెస్తవారి ఇండ్లను ఒకదాని వెనుక ఒకటి వరుసగా పెట్టక, కొంచెం పక్కకు జరిపి నిర్మించి, ప్రతి గడపకూ సముద్రపు గాలి అందేటట్లు చేశారు. నాలంచిరలో తాను నివసించిన హామ్లెట్ అనే ఇంటిని నిటారైన రాతి కొండపై, అవసరాన్నిబట్టి గదులు చేరుస్తూ, పాత తలుపులు, కిటికీలు వాడుకొంటూ పెంచుకొన్నారు. పాతదానిని పారవేయక కొత్తదానిలో కలుపుకోవడం ఆయన స్వభావం.

ఈ మార్గంలో పూలే పరచియుండలేదు. ఇంత తక్కువ ఖర్చుతో కట్టినది నిలుస్తుందా అని ఇంజనీర్లు సందేహించారు. పూతలేని గోడ బీదతనానికి గుర్తని కొందరు చిన్నచూపు చూశారు. బేకర్ వాదించక కట్టి చూపారు. ఆయన పద్ధతులను ప్రచారం చేయుటకు 1985లో మాజీ ముఖ్యమంత్రి అచ్యుత మేనన్ తదితరులతో కలిసి కాస్ట్‌ఫోర్డ్ అనే సంస్థ ఏర్పడింది. 1989లో ఆయన భారత పౌరసత్వం పొందారు. 1990లో ప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించింది. మట్టి ఇండ్లు మొదలైన విషయాలపై సామాన్యులకు అర్థమయ్యే బొమ్మలతో చిన్న పుస్తకాలు రాశారు. 2007 ఏప్రిల్ 1వ తేదీన, 90 ఏండ్ల వయసులో తిరువనంతపురంలోని స్వగృహంలో కన్నుమూశారు.

మన ప్రాంతంలో ఆయన ఇంటినే నకలు చేయడం ఆయన బోధకు విరుద్ధమవుతుంది. కేరళ వానలు మనకు లేవు. ఐదు మైళ్ళలో దొరికే మన సామగ్రి కృష్ణగిరి కొండల రాయి, మన పొలాల ఎర్రమట్టి. ఎలుకబోను కట్టుకు చేయి తిరిగిన మేస్త్రీ కావాలి. మట్టిగోడకు రాతి పునాది, వాన తగలకుండా ముందుకు వచ్చిన చూరు ఉండితీరవలెను. ఆయన నుండి నేర్వదగినవి ఆ ప్రశ్నలు. ఈ ఇంటిలో ఎవరుంటారు? గాలి ఎటు? చెట్టు ఎక్కడ? పాత ఇంటిలో ఏది ఇంకా గట్టిగా ఉన్నది?

తండ్రీకొడుకులు పార పట్టకముందు ఒక సాయంత్రం ఆ పాత తిన్నెపై కూర్చొని ఈ నాలుగు ప్రశ్నలు వేసుకొంటే, కొంత గోడ నిలువవచ్చు, కొంత పడవచ్చు. పాత స్తంభాలు కొత్త వసారాకు పనికిరావచ్చు. అప్పు కొంత తగ్గవచ్చు. బేకర్ జీవితం మన పల్లెకు ఇచ్చే కానుక అదే.