బంతికి వంపు నేర్పిన వేళ్ళు: జనాబ్ గులాం అహ్మద్ జీవితం

విద్య అనగానే మన మనస్సులో పుస్తకము, గురువు, పరీక్ష మెదులుతాయి. అయితే వేళ్ళ కొసలలో నిలిచే విద్యలు కూడా లోకంలో కొన్ని ఉన్నాయి. దర్జీ సూది పట్టడం అటువంటిది. కాతిబు కలం పట్టి అలిఫ్ గీయడం అటువంటిది. ఒక్క అలిఫ్ నిటారుగా నిలవడానికి కాతిబు వేలసార్లు అదే గీతను గీయవలసి వస్తుంది. గాలిలో బంతిని వంచి, నేలను తాకిన పిదప దాని దారిని మళ్ళించే విద్య కూడా ఈ కోవకు చెందినదే. ఆ విద్యకు మన హైదరాబాదు నగరం ఒక గొప్ప సాధకుని కన్నది. ఆయన పేరు గులాం అహ్మద్.

సాయంత్రం అసర్ నమాజు ముగిసిన తరువాత మన జహనుమా గల్లీలలో నడిచే వారికి ఒక దృశ్యం తప్పక కనబడుతుంది. గోడమీద బొగ్గుతో గీసిన మూడు గీతలే వికెట్లు. చేతిలో అరిగిన టెన్నిసు బంతి. ప్రతి కుర్రవాడూ దానిని వేగంగా విసరాలనే చూస్తాడు. తిప్పి విసరాలని చూసేవాడు పదిమందిలో ఒక్కడు. ఆ ఒక్కడిని తక్కినవారు మొదట నవ్వుతారు, ఎందుకంటే అతని బంతి చాలాకాలం తిరగదు. తిరిగిన నాడు మాత్రం నవ్వినవారే అతని చుట్టూ చేరుతారు. గులాం అహ్మద్ జీవితాన్ని ఆ ఒక్క కుర్రవాని కోసమే ఇక్కడ చెప్పదలచాను.

ముందుగా ఆ విద్య సంగతి కొంచెం తెలుసుకుందాం. తిరుగుతూ పోయే బంతి తన చుట్టూ ఉన్న గాలి పొరను కూడా తనతో తిప్పుకుంటుంది. అందువలన గాలి ఒక వైపు సులువుగాను, రెండవ వైపు అడ్డు పడుతూను సాగి, బంతి వెనుక ఒక పక్కకు మళ్ళుతుంది. గాలి ఒక పక్కకు మళ్ళితే బంతి రెండవ పక్కకు వంగుతుంది. 19వ శతాబ్దపు జర్మనీ శాస్త్రజ్ఞుడు మాగ్నస్ పేరుతో ఈ సూత్రం ప్రసిద్ధమైంది. అమెరికా వారి బేస్‌బాల్ ఆటలో నేలను తాకకుండానే వంగివచ్చే కర్వ్‌బాల్‌కు ఆధారం ఇదే. దానిని కనిపెట్టిన ఘనతను కాండీ కమ్మింగ్స్ అనే ఆటగానికి ఇస్తారు. ఆయన బాల్యంలో సముద్రతీరాన ఆల్చిప్పలు విసురుతూ అవి వంగిపోవడం చూసి, బంతిని కూడా అలా వంచాలని కొన్నేళ్ళు సాధన చేశాడని చెబుతారు. క్రికెట్‌లో బంతికి నేల కూడా తోడవుతుంది. గనుక మన స్పిన్నరుకు రెండు వంపులు లభిస్తాయి, గాలిలో ఒకటి, నేలమీద ఒకటి.

గులాం అహ్మద్ 1922 జూలై 4వ తేదీన హైదరాబాదులో జన్మించారు. అది ఏడవ నిజాం పాలనాకాలం. అప్పటికే నగరంలో క్రికెట్ వేళ్ళూనుతున్నది. మొయినుద్దౌలా గోల్డ్ కప్పు పోటీలు 1930 దశకంలో దేశంలోని మేటి ఆటగాళ్ళను సికిందరాబాదు మైదానాలకు రప్పించాయి. 1937-38లో హైదరాబాదు జట్టు రంజీ ట్రోఫీ గెలిచింది. ఫైనలులో నవానగర్ జట్టుపై ఒకే ఒక్క వికెట్టు మిగిలి ఉండగా విజయం లభించింది. ఇ.బి. ఐబరా అజేయంగా శతకం సాధించి గట్టెక్కించారు. ఆనాటికి గులాం అహ్మద్ వయస్సు పదహారు నిండలేదు. 1939-40లో ఆయన కూడా హైదరాబాదు జట్టులో చేరారు.

ఆయన ఎన్నుకొన్నది ఆఫ్ స్పిన్. చూపుడు వేలిని, నడిమి వేలిని బంతి కుట్టుమీద ఎడంగా ఉంచి, తలుపు గుండ్రపు పిడిని కుడివైపు తిప్పినట్లు మణికట్టును తిప్పాలి. చూపుడు వేలు కుట్టును గట్టిగా లాగాలి. అలా వేసిన బంతి మొదట గాలిలో కుడిచేతి బ్యాట్స్‌మన్ నుంచి దూరంగా జరుగుతుంది. అతడు దానివెంట బ్యాటును చాపిన క్షణాన నేలను తాకి లోపలికి మళ్ళుతుంది. చెప్పడానికి రెండు వాక్యాలు. చేయడానికి మాత్రం వేలి చర్మం కందిపోయి, మళ్ళీ గట్టిపడేదాకా సాధన కావాలి. గులాం అహ్మద్ పొడవైన మనిషి. చేతిని బాగా పైకెత్తి, ఆయాసం కనబడకుండా సులువుగా వేసేవారు. ఎత్తునుండి వచ్చిన బంతి అనుకున్న చోటికి ముందే దిగి, నేలనుండి చురుకుగా లేచేది. 1947-48లో మద్రాసు జట్టుపై ఒకే ఇన్నింగ్సులో 53 పరుగులిచ్చి 9 వికెట్లు తీయడంతో ఆయన ప్రతిభ దేశమంతటా తెలిసింది.

ఇంతలో చరిత్ర గతి మారింది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. ఆ మార్పు మన పాతబస్తీ ఇళ్ళలో ఎంత కలతను నింపిందో పెద్దల నోట విన్నవారికి తెలుసు. కొలువులు పోయినవారు కొందరు, కరాచీకి తరలినవారు కొందరు, ఉండాలో పోవాలో తేల్చుకోలేక గుమ్మంలోనే నిలబడినవారు ఎందరో. ఆ సంవత్సరం చివరి దినాన, అనగా డిసెంబరు 31న, కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో వెస్టిండీస్‌తో టెస్టు ఆట మొదలయింది. భారత జట్టు తరఫున బంతి అందుకున్న కొత్తవారిలో హైదరాబాదు యువకుడు గులాం అహ్మద్ ఉన్నారు. పోలీసు చర్యకు, ఆ దినానికి నడుమ నాలుగు నెలలైనా లేవు. ఎదుట ఉన్నది ఎవర్టన్ వీక్స్. ఆ ఆటలోనే రెండు ఇన్నింగ్సులలోను శతకాలు చేసిన మహా బ్యాట్స్‌మన్. అటువంటి జట్టుపై మొదటి ఇన్నింగ్సులోనే గులాం అహ్మద్ నాలుగు వికెట్లు తీశారు. ఈ దేశంలో తమ స్థానమేమిటని ఆలోచిస్తున్న ఒక నగరపు ప్రజలకు ఆ వార్త ఎంత ఊరటనిచ్చి ఉంటుందో మనం ఊహించుకొనవచ్చు.

కాని విద్య విలువ వికెట్లలో మాత్రమే ఉండదు. 1950-51లో ఇందోరులో హోల్కర్ జట్టుతో హైదరాబాదు తలపడింది. సి.కె. నాయుడు నాయకత్వంలో పెరిగిన హోల్కర్ ఆనాటి మహాబలమైన జట్టు. ఆ ఇన్నింగ్సులో గులాం అహ్మద్ 92 ఓవర్ల 3 బంతులు వేశారు. అనగా 555 బంతులు. ఇచ్చిన పరుగులు 245, దక్కిన వికెట్లు నాలుగే. విద్యార్థులు ఈ అంకెలమీద ఒక నిమిషం మనస్సు నిలపాలి. ఐదువందల యాభై ఐదు పర్యాయాలు అదే పరుగు, అదే మలుపు, అదే వేలి లాగుడు! ఫలితం ఎదురుగా కనబడని ఎండలో అదే పనిని అదే నిష్ఠతో చేయగలగడమే సాధన. కాతిబు అలిఫ్‌ను గుర్తు చేసుకొంటే ఈ మాట బోధపడుతుంది.

ఆ సాధనకు ఫలం 1952లో లభించింది. టెస్టులు ఆడనారంభించిన ఇరవై ఏళ్ళకు, తన 25వ ఆటలో, ఫిబ్రవరి నెలలో మద్రాసులో ఇంగ్లండుపై భారతదేశం తొలి విజయం పొందింది. ఆ విజయానికి ముఖ్యకారకులు 12 వికెట్లు తీసిన వినూ మన్కడ్. రెండవ ఇన్నింగ్సులో ఆయనకు సమ ఉజ్జీగా నాలుగు వికెట్లు తీసినవారు గులాం అహ్మద్. అదే వేసవిలో ఇంగ్లండు పర్యటన జరిగింది. లీడ్స్ టెస్టులో రెండవ ఇన్నింగ్సు ఆరంభిస్తూనే ఒక్క పరుగైనా రాకముందే మన జట్టు నాలుగు వికెట్లు కోల్పోయిన అవమానం అందరూ చెప్పుకొంటారు. మన్కడ్ లేని ఆ టెస్టులోనే గులాం అహ్మద్ మొదటి ఇన్నింగ్సులో 63 ఓవర్లు వేసి, 100 పరుగులిచ్చి, ఐదు వికెట్లు తీసిన సంగతి మాత్రం కొద్దిమందికే గుర్తు.

ఆ సంవత్సరమే అక్టోబరులో ఢిల్లీలో మరొక ఘట్టం జరిగింది. పాకిస్తాన్‌తో మన దేశం ఆడిన మొట్టమొదటి టెస్టు అది. దేశవిభజన గాయం ఇంకా పచ్చిగానే ఉంది. ఇటు ఆడిన గులాం అహ్మద్ బంధుకోటి కొంత అటు కూడా చేరిన కాలం వచ్చింది. ఆయన మేనల్లుడు ఆసిఫ్ ఇక్బాల్ హైదరాబాదులోనే పుట్టి, ఇక్కడి జట్టుకు ఆడి, 1961లో వలసపోయి, తరువాత పాకిస్తాన్ జట్టు నాయకుడయ్యారు. ఢిల్లీ ఆటలో తొమ్మిది వికెట్లు పడిన వేళ గులాం అహ్మద్ బ్యాటు పట్టుకొని దిగారు. ఆయన బ్యాటింగుకు పేరుపడిన వ్యక్తి కారు. అయినా హేమూ అధికారితో కలిసి చివరి వికెట్టుకు 109 పరుగులు జోడించారు. అందులో తనవి సరిగా 50. భారతదేశం ఇన్నింగ్సు విజయం సాధించింది. ఆ పదవ వికెట్టు రికార్డు 2004లో ఢాకాలో టెండూల్కర్, జహీర్ ఖాన్ దాటేవరకు 52 సంవత్సరాలు చెక్కు చెదరలేదు. ఒక సైనికాధికారి, ఒక హైదరాబాదీ ముస్లిం కలిసి నిలిపిన ఆ అంకె అర్ధశతాబ్దం నిలిచింది.

1955 నవంబరులో హైదరాబాదు నగరం తన మొదటి టెస్టును చూసింది. నాటి ఫతే మైదానంలో, అనగా నేటి లాల్‌బహదూర్ స్టేడియంలో, న్యూజీలాండ్‌తో జరిగిన ఆ ఆటలో భారత జట్టుకు నాయకుడు గులాం అహ్మద్. సొంత ఊరి మైదానంలో దేశపు జట్టును నడిపించుకొని దిగే భాగ్యం ఎందరికి లభిస్తుంది? పాలీ ఉమ్రీగర్ అక్కడ 223 పరుగులు చేసి భారతీయుల తొలి ద్విశతకాన్ని నెలకొల్పారు. సుభాష్ గుప్తే ఒకే ఇన్నింగ్సులో ఏడు వికెట్లు తీశారు. ఆట డ్రాగా ముగిసింది. మరుసటి ఏడు, 1956 నవంబరులో, కలకత్తాలో ఆస్ట్రేలియాపై 49 పరుగులకు ఏడు వికెట్లు తీసి గులాం అహ్మద్ తన విద్య శిఖరాన్ని చూపారు. ఆస్ట్రేలియా 177కే కూలింది. రెండు ఇన్నింగ్సులలో ఆయనకు పది వికెట్లు దక్కాయి. అయినా మన బ్యాట్స్‌మెన్ నిలవలేక ఆట చేజారింది.

ఆయన చివరి అధ్యాయం సుఖమైనది కాదు. దానిని దాచి చెబితే జీవితచరిత్ర పొగడ్తగా మారుతుంది. 1958-59లో వెస్టిండీస్ జట్టు వచ్చినప్పుడు కాన్పూరు, కలకత్తా టెస్టులకు ఆయన నాయకత్వం వహించారు. రెండింటా ఓటమే. కలకత్తాలో రోహన్ కన్హాయ్ 256 పరుగులు చేయగా, మన జట్టు ఇన్నింగ్సు 336 పరుగుల తేడాతో ఓడింది. ఆ ఆట మొదలైనది 1958 డిసెంబరు 31. సరిగ్గా పదేళ్ళ క్రితం, అదే తేదీన, అదే మైదానంలో, అదే దేశంపై ఆయన టెస్టు జీవితం ఆరంభమైంది! ఆ ఓటమి తరువాత ఆయన టెస్టు క్రికెట్‌కు వీడ్కోలు చెప్పారు. మొత్తం 22 టెస్టులు, 68 వికెట్లు. ఆ ఒక్క సిరీస్‌లోనే భారత జట్టుకు నలుగురు నాయకులు మారారంటే, ఆనాటి గందరగోళం ఎంతటిదో అర్థమవుతుంది.

ఓటమితో తెరమరుగయ్యేవారు కొందరు, పనిలోకి మళ్ళేవారు కొందరు. గులాం అహ్మద్ రెండవ తెగకు చెందినవారు. మైదానం విడిచినా ఆటను విడువలేదు. హైదరాబాదు క్రికెట్ సంఘానికి సేవ చేశారు. 1975 నుండి 1980 వరకు భారత క్రికెట్ బోర్డు కార్యదర్శిగా పనిచేశారు. 1983లో కపిల్ దేవ్ నాయకత్వాన ప్రపంచ కప్పు గెలిచిన జట్టును ఎంపిక చేసిన సంఘానికి అధ్యక్షుడు ఆయనే. లార్డ్స్ బాల్కనీలో కప్పు ఎత్తిన చేతులను లోకమంతా చూసింది. జాబితా రాసిన చేతిని ఎవరూ చూడలేదు. అదీ ఆయన బౌలింగు వంటిదే, ఫలితం ఇతరులది, శ్రమ తనది. 1998 అక్టోబరు 28న హైదరాబాదులోనే ఆయన కన్నుమూశారు. పుట్టిన నగరమే ఆయనకు చివరి నెలవైంది.

ఆయన తరువాత ఆఫ్ స్పిన్ మన నగరానికి వారసత్వమయింది. శివలాల్ యాదవ్, అర్షద్ అయూబ్ ఈ నగరంనుండే వెళ్ళి దేశానికి ఆడారు. ఒకరు యాదవ కుటుంబీకుడు, ఒకరు ముస్లిం. బంతి కుట్టుమీద వేలు పెట్టినప్పుడు ఇద్దరి విద్య ఒకటే. గంగా జమునా సంస్కృతి అని మనం సభలలో చెప్పుకొనే మాటకు ఇంతకన్న చక్కని తార్కాణం దొరకదు.

ప్రియ విద్యార్థులారా! మీలో క్రికెట్ ఆడేవారు కొందరే కావచ్చు. గణితమో, అరబ్బీ వ్యాకరణమో, తెలుగు ఛందస్సో మీకు అంతుపట్టని బంతి కావచ్చు. అది మొదటి నెలలో తిరగదు. పక్కవాడు నవ్వుతాడు. అప్పుడు ఇందోరు ఎండలో 555వ బంతి వేయడానికి వెనుదిరిగి నడిచిన ఆ పొడుగాటి మనిషిని తలచుకోండి. రేపు సాయంత్రం గల్లీలో బంతిని తిప్పబోయి తప్పిన కుర్రవాడు కనబడితే నవ్వకండి. బంతిని తీసి, మళ్ళీ వేయమని అతని చేతికి అందించండి.