శ్రీరామకృష్ణుల గాత్రదాహం

ఖుదీరాం చటోపాధ్యాయుల స్వగ్రామం వంగదేశంలోని దేరే. ఆ వూరి జమీందారు ఒక వ్యాజ్యంలో తన పక్షాన అబద్ధసాక్ష్యం చెప్పమని అడిగితే ఆయన ఒప్పుకోలేదు. జమీందారు కోపించి ఆయన మీదనే దొంగదావా వేసి ఇల్లూ పొలమూ లాగుకొన్నాడు. సుమారు 1814లో ఖుదీరాం భార్యాబిడ్డలతో ఊరు విడిచి, ఒక స్నేహితుడు ఇచ్చిన కొద్దిపాటి నేలతో హుగ్లీ జిల్లా కామార్పుకూరులో కొత్తగా కాపురం పెట్టారు. పుట్టిన ఊరు వదలి పరాయి చోట పొయ్యి రాజేసుకోవడం ఎట్టిదో మనలో చాలామంది తాతతండ్రులకు తెలిసిన విషయమే. అటువంటి ఇంటిలో 1836 ఫిబ్రవరి 18న పుట్టిన బిడ్డ గదాధరుడు. ఆయనే శ్రీరామకృష్ణ పరమహంస.

పరమహంసల దర్శనాలను గూర్చి, సమాధిని గూర్చి మనం చిన్ననాటి నుండి వింటూనే ఉన్నాము. అంతగా వినని సంగతి మరొకటి ఉన్నది. ఆ సాధనలో ఆయన దేహం పడిన బాధ, ఆ బాధ క్రమంగా సర్దుకొన్న తీరు. కుండలిని మేల్కొంటే అంతా ఆనందమేనని తలచి తొందరపడే వారికి ఈ కథ కొంత మేలు చేయగలదు.

వెన్నెముక అడుగున మూలాధారంలో ఒక శక్తి చుట్టచుట్టుకొని నిద్రిస్తూ ఉంటుందని, సాధనచేత అది మేల్కొని సుషుమ్నా మార్గాన చక్రాలను దాటి శిరస్సునందలి సహస్రారం చేరుతుందని యోగశాస్త్రం చెబుతుంది. ఈ నాడులూ చక్రాలూ శస్త్రవైద్యుని కత్తికి దొరికేవి కావు, సాధకుల అనుభవంలోనివి. అయితే ఆ అనుభవం కలిగిన వారి ఒంటిమీద కనబడే వేడి, వణుకు, నిద్రలేమి మాత్రం చుట్టూ ఉన్నవారందరికీ తెలుస్తూనే ఉంటాయి.

గదాధరుడికి ఏడేళ్ళయినా నిండకముందే, మరమరాలు తింటూ పొలం గట్టున పోతూ, నల్లని మేఘం మీదుగా ఎగిరే తెల్లకొంగల బారును చూచి ఒళ్ళు మరచి పడిపోయాడు. 1843లో తండ్రి గతించాడు. సంసారభారం పెద్దన్న రామకుమారునిపై పడింది. ఆయన జీవనోపాధికై కలకత్తా వెళ్ళి చిన్న సంస్కృత పాఠశాల పెట్టుకొన్నాడు. 1852లో పదహారేళ్ళ తమ్ముణ్ణి కూడా అక్కడికే రప్పించుకొన్నాడు. 1855 మే 31న రాణీ రాసమణి గంగ ఒడ్డున దక్షిణేశ్వరంలో కాళికాలయం ప్రతిష్ఠ చేయించినప్పుడు రామకుమారుడు అర్చకుడయ్యాడు. మరుసటి ఏడే ఆయన కన్నుమూశాడు. పూజాభారం గదాధరునికి వచ్చింది.

తండ్రి వలె చూచుకొన్న అన్న పోయిన దుఃఖమూ, అమ్మవారిని కన్నులారా చూడవలెనన్న ఆర్తీ రెండూ కలిసి ఆ యువకుణ్ణి కుదిపివేశాయి. రాత్రులు నిద్ర మాని పంచవటి దగ్గర చెట్ల చాటున ధ్యానం చేసేవారు. వేళకు తిండి లేదు. కొంతకాలానికి దర్శనమైతే అయింది గాని, దేహం చెడిపోయింది. కన్ను మూత పడదు. ఛాతీ ఎర్రబారింది. ఒళ్ళంతా నిప్పు పోసినట్లు మంట. తలపై తడిగుడ్డ వేసుకొని గంటల తరబడి గంగలో నిలిచినా ఆ మంట చల్లారలేదు.

ఒకనాడు నోటివెంట చిక్కని నల్లని నెత్తురు పడింది. అందరూ భయపడ్డారు. అప్పుడు ఆలయానికి వచ్చి ఉన్న ఒక వృద్ధసాధువు పరీక్షించి, హఠయోగం వలన తలకెక్కిన నెత్తురు అంగిట దారి చేసుకొని బయటపడిందని, లేకుంటే తిరిగి రాని జడసమాధి కలిగి ఉండేదని అన్నాడు. దీనికి నేటి వైద్యుడు వేరొక కారణం చెప్పవచ్చును. ఆ యువకుని ప్రాణం అపాయపుటంచున ఉన్నదన్నది మాత్రం ఇద్దరూ ఒప్పుకొనే మాట.

రాణి అల్లుడు మథురబాబు దీనిని దైవలీల అని ఊరకుండలేదు. కలకత్తాలో పేరుపొందిన గంగాప్రసాద సేన్ కవిరాజు చేత వైద్యం చేయించాడు. తైలాలు, మందులు చాలా వాడినా గుణం కనబడలేదు. తూర్పు వంగదేశపు వైద్యుడొకడు మాత్రం ఇది యోగసాధన వలన పుట్టిన వ్యాధివలె ఉన్నదని చెప్పాడు. ఆలయంలోని తక్కినవారు పిచ్చి పట్టిందనే అనుకొన్నారు.

ఈ వార్త పల్లెకు చేరింది. తల్లి చంద్రమణిదేవి తల్లడిల్లి కొడుకును ఇంటికి రప్పించుకొన్నది. తల్లి మనసు గదా! భూతవైద్యుణ్ణి కూడా పిలిపించింది. కాని నిజంగా పనిచేసిన మందు వేరు. వేళకు అన్నం, పుట్టిన ఊరి గాలి, చిన్ననాటి చెలికాండ్రు, అమ్మ కనిపెట్టి చూచే చూపు. కొన్ని నెలలలో ఒంట్లో చలువ పుట్టింది. తీవ్రత తగ్గింది. అక్కడ సుమారు ఏడాదిన్నర పైగా ఉన్నారు. 1859లో జయరాంబాటి గ్రామపు చిన్నారి శారదామణితో వివాహం కూడా ఆనాటి ఆచారం ప్రకారం జరిగింది.

తిరిగి దక్షిణేశ్వరం చేరేసరికి పాత సాధన మొదలయింది. పాత మంటా తిరగబెట్టింది. 1861లో పడవ దిగి వచ్చిన భైరవీ బ్రాహ్మణి తంత్రశాస్త్రం క్షుణ్ణంగా ఎరిగిన సన్న్యాసిని. ఆమె ఆయన వృత్తాంతమంతా విని, ఇది పిచ్చి కాదని, మహాభక్తులకు పూర్వం కలిగిన దశయేనని ధైర్యం చెప్పింది. మంటకు ఆమె చెప్పిన చికిత్స వింటే ఎవరికైనా నవ్వు వస్తుంది. ఒంటినిండా మంచిగంధం పూసుకొని, సువాసనగల పూలమాలలు ధరించవలెను. అంతే. మూడు దినాలలో మంట పోయింది.

తరువాత ఎంత తిన్నా తీరని ఆకలి పట్టుకొన్నది. భైరవి కంగారుపడలేదు. మథురబాబుతో చెప్పి ఒక గదినిండా అటుకులు, మిఠాయిలు, పిండివంటలు పెట్టించి, ఆయనను రాత్రింబవళ్ళు అందులోనే ఉండమన్నది. చూస్తూ, తిరుగుతూ, తోచినప్పుడు కొంచెం తింటూ మూడు దినాలు గడిపేసరికి ఆ ఆకలి కూడా శాంతించింది. పూలూ గంధమూ ఎంత పనిచేశాయో, దారి తెలిసిన పెద్ద మనిషి పక్కన నిలిచి భయం లేదని చెప్పడమూ అంత పనిచేసిందని మనం గ్రహించాలి.

1864-65 ప్రాంతంలో తోతాపురి అనే అద్వైత సన్న్యాసి వచ్చి ఆయనను నిర్వికల్పసమాధిలో నిలిపాడు. గురువు వెళ్ళిన పిదప శ్రీరామకృష్ణులు ఆరు మాసాలు దాదాపు ఆ స్థితిలోనే ఉండిపోయారు. అప్పుడు అక్కడికి వచ్చిన ఒక సాధువు ఆ దేహాన్ని నిలపవలెనని పూని, కర్రతో కొట్టి కొంచెం తెలివి తెప్పించి, ఆ క్షణంలోనే నోటిలో అన్నపు ముద్దలు పెట్టేవాడు. ఆ ముద్దలే ప్రాణం నిలిపినవి. తరువాత తీవ్రమైన రక్తగ్రహణి పట్టుకొన్నది. ఆ నొప్పి చేతనే మనసు మెల్లగా దేహంలోనికి దిగివచ్చింది.

చిక్కి శల్యమైన ఆయనను 1867లో మళ్ళీ కామార్పుకూరు తీసుకొని వెళ్ళారు. మళ్ళీ ఆ ఊరి నీళ్ళే, ఆ ఊరి అన్నమే మందు అయినవి. పదమూడేళ్ళ శారదాదేవి అప్పుడు వచ్చి ఆయన సన్నిధిలో కొన్నాళ్ళు మసలింది. 1872లో ఆమె దక్షిణేశ్వరం వచ్చి భర్త సేవలో నిలిచింది. ఆయన జీర్ణశక్తి మిక్కిలి సున్నితమైనది. ఆమె స్వయంగా వండిన తేలిక వంటకాలతోనే ఆ కడుపు కుదుటపడేది.

రాత్రులు ఆయన సమాధిలో పడి ఎంతకూ తెలివి రాకపోతే ఆమె భయపడేది. అందుకని ఏ భావంలో ఉన్నప్పుడు ఏ మంత్రం, ఏ నామం చెవిలో చెబితే తాము బాహ్యస్పృహకు వస్తారో ఆయనే నేర్పారు. ఆమె దానికోసం రాత్రంతా మేలుకొని కూర్చుంటున్నదని తెలిసిన వెంటనే, నహబతు గదిలో వేరుగా నిద్రించే ఏర్పాటు చేశారు. తన సమాధికోసం ఇంకొకరి నిద్ర చెడరాదని తలచిన మహానుభావుడాయన. తల్లి చంద్రమణి కూడా చివరిదశలో ఆ నహబతులోనే ఉండి కొడుకు కళ్ళెదుటనే కాలం గడిపింది.

ఆయన స్వయంగా పాటించిన ఉపాయమొకటి ఉన్నది. మనసు పైకెక్కి తిరిగి రాలేకపోయే సమయాన, మంచినీళ్ళు తాగుతాను, హుక్కా పీలుస్తాను, ఫలానా కూర తింటాను అని చిన్నచిన్న కోరికలు పదేపదే తలచుకొనేవారు. గాలిపటం దారం చుట్టుకొన్నట్లు మనసు మెట్టుమెట్టుగా దిగేది. పక్కన ఎవరో ఒకరు ఎల్లప్పుడూ ఉండి పడిపోకుండా పట్టుకొనేవారు. అలా ఎవరూ లేని ఒకనాడు, 1884లో, భావావస్థలో నడుస్తూ పడి చేతి ఎముక తొలగి చాలాకాలం బాధపడ్డారు.

తన దగ్గరకు వచ్చిన గృహస్థులను ఆయన హఠయోగం వైపు తోలలేదు. ఒక చేత భగవంతుణ్ణి పట్టుకొని రెండవచేత సంసారపు పని చేసుకొమ్మని, నామజపమూ భక్తీ ఈ కాలానికి చాలునని బోధించారు. సమాధిలోనే మునిగి ఉంటానని నరేంద్రుడు కోరినప్పుడు ఆయన మందలించి, అనేకులకు నీడనిచ్చే మర్రిచెట్టు కావలసినవాడు ఇంత స్వార్థం పెట్టుకోరాదన్నారు. ఆ శిష్యుడే వివేకానందస్వామి. గొంతు క్యాన్సరుతో బాధపడి శ్రీరామకృష్ణులు 1886 ఆగస్టు 16న కాశీపూరు తోటలో దేహం చాలించారు.

ఈ చరిత్ర నుండి సామాన్యులమైన మనం గ్రహించదగినదేమి? ధ్యానం చేసేవారికి ఒంట్లో వేడి, వణుకు, గుండెదడ, నిద్రపట్టకపోవడం కలిగితే దానిని గొప్పగా చెప్పుకొని సాధన ఇంకా పెంచరాదు. కొన్నాళ్ళు తగ్గించాలి, అవసరమైతే ఆపాలి. ఉపవాసాలు మాని వేళకు కడుపునిండా తినాలి. వేళకు పడుకోవాలి. మట్టిలో పనిచేయడం, నడక, ఇంటిపనులు మంచివి. ఒంటరిగా గది తలుపులు మూసుకొని ఉండరాదు. దారి తెలిసిన పెద్దలను అడగాలి. అన్నిటికంటె ముందు వైద్యుణ్ణి చూడాలి. గుండె జబ్బు, థైరాయిడ్ వికారం, మనోవ్యాధి కూడా ఇవే లక్షణాలతో రావచ్చును. నిద్రలేక మాటలు తప్పుతున్నా, బ్రతుకు మీద విరక్తి మాటలు వస్తున్నా ఒక్క దినమైనా ఆలస్యం తగదు. పరమహంసలకే మథురబాబు మొదట వైద్యుణ్ణి పిలిపించాడు. మనకు సిగ్గెందుకు?

ఇంకొక సంగతి. ఆయన మంట చల్లార్చినవారు అమ్మ, భార్య, అన్నం పెట్టిన సాధువు, గంధం పూయమన్న భైరవి, పక్కనుండి పట్టుకొన్న బంధుమిత్రులు. పరాయి ప్రాంతంలో ఉన్న మనకు ఆ అమ్మ దూరం, ఆ ఊరు దూరం. అందుచేత మన ఇరుగుపొరుగే మనకు కామార్పుకూరు కావాలి. మన సంఘంలో ఏ యువకుడైనా తిండి మాని, నిద్ర మాని, ఎవరితోనూ కలవక తిరుగుతుంటే వెర్రివాడని నవ్వక, మహాత్ముడని మొక్కక, ఈ ఉగాదినాడు చెయ్యి పట్టి ఇంటికి తెచ్చి విస్తరి ముందు కూర్చోబెడదాము. వేపపువ్వుతో పాటు బెల్లం కూడా కలిపితేనే గదా అది ఉగాది పచ్చడి!