బొబ్బిలి వంశాంకురము

తెలుగుదేశమున బొబ్బిలి యుద్ధకథ విననివారు అరుదు. జంగములు తంబుర మీటుచు ఆ కథను ఊరూర పాడిరి. రంగారాయని శౌర్యమును, తాండ్ర పాపారాయని సాహసమును పిల్లలు సైతము చెప్పగలరు. అయితే ఆ కథ ముగిసినచోట ఒక పసివాని కథ మొదలయ్యెను. బొబ్బిలి కోట కాలిపోయిన దినమున ప్రాణముతో మిగిలిన ఆ పసివాడే చిన రంగారావు. కన్నవారిని కోల్పోయి, పరుల చేతులలో పెరిగి, ముప్పదియేడు సంవత్సరముల తరువాత తండ్రి నేలను తిరిగి పొందిన ఆతని చరిత్ర యుద్ధకథకంటె తక్కువది కాదు.

బొబ్బిలి తూర్పు కనుమల పాదమునగల పట్టణము. నేడది విజయనగరము జిల్లాలో చేరియున్నది. పడమటి దిక్కున సాలూరు, పార్వతీపురము ప్రాంతముల కొండలు గోడవలె నిలిచియున్నవి. ఆ కొండలే నైరృతి దిశగా సాగి అనంతగిరిని, అరకులోయను తమ ఒడిలో దాచుకొన్నవి. జాతాపులు, సవరలు, కొండదొరలు, బగతలు మొదలైన గిరిజనులకు అవి తరతరాల నివాసము. మైదానమున కోటలు కట్టుకొన్న ప్రభువులకు అవి ఆపదలో ఆశ్రయము.

పదునేడవ శతాబ్దమున వేంకటగిరి వెలుగోటి వంశమునకు చెందిన ఒక వీరుడు వచ్చి ఇచ్చట బొబ్బిలి సంస్థానమును స్థాపించెను. పొరుగుననున్న విజయనగర ప్రభువులకును బొబ్బిలివారికిని పొలిమేరల గూర్చియు, కాలువనీటి గూర్చియు తగవులు పెరుగుచు వచ్చెను. 1757వ సంవత్సరమున విజయనగర ప్రభువు విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీ సహాయముతో బొబ్బిలిపై దండెత్తెను. బొబ్బిలిని విడిచిపెట్టినచో వేరొక చోట భూములిత్తునని బుస్సీ కబురు పంపెను. రంగారావు అందులకు సమ్మతింపలేదు.

జనవరి 24వ తేదీన ఫిరంగులు కోటగోడలను బద్దలు కొట్టెను. గెలుపుమీద ఆశ నశించినపుడు రంగారావు కఠినమైన నిశ్చయమునకు వచ్చెను. స్త్రీలును బిడ్డలును శత్రువుల చేత చిక్కరాదని ఆయన భావించెను. ఆయన ఆజ్ఞచొప్పున కోటలోని ఇండ్లకు నిప్పు పెట్టిరి. తమవారిని తమ చేతులతోనే కడతేర్చిరి. పిదప రంగారావు పోరాడుచు తుపాకి గుండు తగిలి నేలకొరిగెను.

పొగయు బూడిదయు నిండిన ఆ కోటలోనుండి ఒక ముసలివాడు ఒక బాలుని వెంటబెట్టుకొని ఫ్రెంచివారి కడకు వచ్చెను. ఆ బాలుడు రంగారావు కుమారుడనియు, తండ్రి ఇష్టమునకు విరుద్ధముగా తాను వానిని కాపాడితిననియు ఆ వృద్ధుడు విన్నవించినట్లు ఆ కాలపు ఆంగ్ల చరిత్రకారుడు రాబర్టు ఓర్మ్ వ్రాసియున్నాడు. ఆ ముసలివాని పేరు చరిత్ర కెక్కలేదు.

ఆ వృద్ధుని స్థితి ఎంత క్లిష్టమైనదో ఆలోచింపదగును. ఏలిక ఆజ్ఞ మీరుట ఆనాటి సేవకునకు మహాపరాధము. బిడ్డను శత్రుపక్షమువారి చేతిలో పెట్టుట ఇంకను భయంకరము. వారు వానిని చంపినను అడ్డగించువారు లేరు. అయినను ఏలిక పరువు నిలుపుటకంటె ఏలిక బిడ్డను బ్రతికించుటయే తన ధర్మమని ఆతడు తలచెను. తన చేతులు ఆ బిడ్డను ఇక కాపాడలేవని తెలిసినపుడు కాపాడగల చేతుల కప్పగించెను.

బుస్సీ ఆ బాలుని ఆదరించెను. తండ్రికి ఈయజూపిన భూములను వాని పేర వ్రాయించెను. కొన్ని దినములకే తాండ్ర పాపారాయడు రాత్రివేళ శత్రువుల శిబిరమున చొచ్చి విజయరామరాజును గుడారములోనే పొడిచి చంపెను. ఆ పగ తీరిన తీరును దేశమంతయు పాడుకొన్నది. కాని పగ తీర్చుట వేరు, పసివానిని పెంచుట వేరు.

బుస్సీ యిచ్చిన పట్టా చిరకాలము అక్కరకు రాలేదు. 1758లో బుస్సీని ఫ్రెంచివారు దక్షిణమునకు పిలిపించుకొనిరి. ఆ సంవత్సరమే డిసెంబరులో చందుర్తి యుద్ధమున కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారిని ఓడించెను. ఉత్తర సర్కారులలో ఫ్రెంచివారి మాటకు విలువ లేకపోయెను. ఇంతలో చిన రంగారావు పసితనమును ఆసరాగా గొని ఆతని దగ్గరి బంధువే సంస్థానమును చేజిక్కించుకొనెను. ముక్కు మొగము తెలియని పరదేశి భూమినిచ్చుటయు, బంధువు దానిని లాగుకొనుటయు ఆ బాలుని భాగ్యమున వ్రాసియుండెను.

చిన రంగారావు పెరిగి పెద్దవాడయ్యెను. విజయనగరమువారితో కొంతకాలము సంధి కుదిరెను. అయినను పాత పగ మరల రాజుకొన్నది. విజయనగరమువారి బలము ముందు నిలువలేక ఆతడు స్వస్థలమును విడిచి నిజాము రాజ్యమున తలదాచుకొనెను. పుట్టిన కోట బూడిదయయ్యెను; పెరిగిన నేల పరాధీనమయ్యెను. ఆతనికి మిగిలినది పేరొక్కటియే.

కాలచక్రము తిరిగెను. 1794 జూలై 10వ తేదీన పద్మనాభము వద్ద ఈస్టిండియా కంపెనీ సేనలతో పోరాడి విజయనగర ప్రభువు చిన విజయరామరాజు మరణించెను. ఆయన కుమారుడు నారాయణబాబు అప్పటికి పసివాడు. ఆ బాలుని కొండలకు తరలించిరి. తూర్పు కనుమల మన్యపు జమీందార్లు వానిని తమ రక్షణలోనికి తీసికొనిరి. బొబ్బిలి బిడ్డకు ముప్పదియేడేండ్ల క్రిందట వచ్చిన గతియే నేడు విజయనగరపు బిడ్డకును వచ్చెను. ఆనాడు పేరు తెలియని ముసలివాడు చేసిన పనినే ఈనాడు కొండదొరలు చేసిరి. తుదకు కంపెనీవారు నారాయణబాబుతో రాజీ కుదుర్చుకొని, తగ్గిన సంస్థానమును ఆతనికి తిరిగి ఇచ్చిరి. ఆతడు నారాయణ గజపతియై చిరకాలము జీవించి 1845లో కాశీలో మరణించెను.

పద్మనాభ యుద్ధానంతరము విజయనగర రాజ్యమునుండి కొన్ని పాత జమీందారీలను వేరుచేసిరి. అందు బొబ్బిలి ఒకటి. 1794లో చిన రంగారావు తన తండ్రి నేలపై మరల అధికారము పొందెను. పసివాడై వెడలినవాడు నడివయస్సు దాటవచ్చినపుడు తిరిగి వచ్చెను. 1801లో ఆతని కుమారునితో కంపెనీవారు శాశ్వత శిస్తు ఒప్పందము చేసికొనిరి. ఏటికి తొంబదివేల రూపాయలు చెల్లించునట్లు నిర్ణయమయ్యెను. ఒకనాడు నిప్పులపాలైన వంశము మరల వేరూని చిగిర్చెను.

పరుల చేతుల అండ బొబ్బిలికి అంతటితో తీరలేదు. సంతానము లేని ప్రభువు మరణించినచో వేరొక యింటి బాలుని శాస్త్రోక్తముగా స్వీకరించుట మన దేశమున పూర్వాచారము. దానినే దత్తత యందురు. కన్నవారు బిడ్డను దానముచేయుదురు. పెంచువారు బిడ్డగా గ్రహింతురు. నాటినుండి వాని యింటిపేరు మారును, పితృకార్యముల బాధ్యత మారును. 1868లో బొబ్బిలి ప్రభువు మరణింపగా ఆయన రాణి లక్ష్మీచెల్లాయమ్మ 1871లో వేంకటగిరి రాజుగారి మూడవ కుమారుని దత్తత గైకొనెను. ఆ బాలుడే తరువాత మహారాజై బొబ్బిలి చరిత్రను గ్రంథముగా వ్రాసిన వేంకట శ్వేతాచలపతి రంగారావు. ఏ వంశమునుండి బొబ్బిలి మొలకెత్తెనో ఆ వంశమే రెండువందల సంవత్సరముల తరువాత మరల ఒక బిడ్డనిచ్చి దానిని నిలిపెను.

బిడ్డను ఒడినుండి దించి మరియొకరి ఒడిలో పెట్టుట సులభము కాదు. వేంకటగిరి తలిదండ్రులకు అది శాస్త్రోక్తమైన దానము. కాలుచున్న కోటలోని వృద్ధునకు అది గత్యంతరములేని సాహసము. ఇచ్చినవారు వేరైనను, ఇచ్చిన తీరు వేరైనను, బిడ్డ బ్రతుకవలెనను కోరిక ఒక్కటియే. బొబ్బిలి కోటను కాపాడుటకు ప్రాణములిచ్చిన వీరులు పెక్కుమంది కలరు. వారి పేర్లను పాటలు మోసికొని తిరుగుచున్నవి. బొబ్బిలి బిడ్డను కాపాడినవాడు ఒక్కడే. ఆతని పేరు ఏ పాటలోను లేదు. కాని చిన రంగారావు జీవితమంతయు ఆతడు నిలిపినదే.