పచ్చిక బయలు కాపరి – టామ్ మారిస్

మన పాఠశాల ప్లాటినం జూబిలీ సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవిత చరిత్ర వ్రాయవలసినదిగా సంపాదక వర్గం వారు నన్ను కోరారు. దేశనాయకులు, కవులు, సంఘసంస్కర్తలు పలువురు మనసులో మెదిలారు. అయితే వారిని గురించి మన విద్యార్థులు పాఠ్యపుస్తకాలలో చదువుతూనే ఉన్నారు. అందుచేత మనకు అంతగా పరిచయం లేని ఒక స్కాట్లండు దేశీయుని గురించి వ్రాయ సాహసిస్తున్నాను. ఆయన పేరు టామ్ మారిస్. గోల్ఫ్ ఆడే దేశాలలో ఆయన పేరు ఎరుగనివారు అరుదు. ఆయన ఒక చేనేత పనివాని కుమారుడు. తెలంగాణ జిల్లాల నుండి మగ్గాన్ని నమ్ముకుని షోలాపురం వచ్చి స్థిరపడిన మన కుటుంబాలకు ఆ జీవితం పరాయిదిగా తోచదని నా నమ్మకం.

కొన్ని సంవత్సరాల క్రితం, స్కాట్లండులో ఉద్యోగం చేస్తున్న మన పూర్వ విద్యార్థిని ఒకామె నన్ను సెయింట్ ఆండ్రూస్ పట్టణానికి తీసుకువెళ్ళింది. ఉత్తర సముద్రపు ఒడ్డున ఉన్న చిన్న పట్టణమది. 1413లో స్థాపితమైన విశ్వవిద్యాలయం, శిథిలమైన పురాతన దేవాలయం, రాతి ఇండ్లు, వాటిని ఆనుకునే ఓల్డ్ కోర్స్ అనే ప్రఖ్యాత గోల్ఫ్ మైదానం. అంత పేరుగల మైదానంలో కాలు మోపనిస్తారా అని నేను సందేహించాను. ఆ రోజు ఆదివారం. ఆటగాడు ఒక్కడూ లేడు. తల్లులు పిల్లలను నడిపించుకుంటూ, వృద్ధులు కుక్కలను వెంటబెట్టుకుని ఆ పచ్చికపై తిరుగుతున్నారు. మేమూ వారితో నడిచాము. ఈ ఆదివారపు విరామం టామ్ మారిస్ ఎంతో పట్టుదలతో కాపాడిన ఆచారమని నా శిష్యురాలు చెప్పగా విని, ఆయనను గురించి తెలుసుకోవాలని నాకు కుతూహలం కలిగింది.

సముద్రానికీ పొలాలకూ నడుమ ఉండే ఇసుక నేలను అక్కడివారు లింక్స్ అంటారు. సేద్యానికి పనికిరాదు. గాలికి వంగే గడ్డి, ఇసుక గుంటలు, ఎత్తుపల్లాలు మాత్రమే ఉంటాయి. సెయింట్ ఆండ్రూస్ ప్రజలకు ఆ నేలపై ఆడుకునే హక్కు ఉన్నట్లు 1552 నాటి శాసనమే చెబుతున్నది. పట్టణం అప్పుల పాలైన కాలంలో 1797లో ఆ భూమి అన్యాక్రాంతమై, కుందేళ్ళ పెంపకందార్లకూ ఆటగాళ్ళకూ చాలాకాలం తగవులు నడిచాయి. గోల్ఫ్ ప్రియుడైన ఒక భూస్వామి 1821లో ఆ నేలను కొనడంతో ఆట నిలిచింది. ఆ సంవత్సరమే జూన్ 16న టామ్ మారిస్ జన్మించారు.

బాల్యంలోనే ఆయన అలన్ రాబర్ట్‌సన్ అనే నిపుణుని వద్ద పనికి కుదిరారు. మొదట శిష్యునిగా, పిమ్మట జీతగానిగా సుమారు తొమ్మిదేళ్ళు పనిచేశారు. రాబర్ట్‌సన్ ఆనాటి ఆటగాళ్ళలో అగ్రగణ్యుడు. ఆయన వృత్తి బంతుల తయారీ. ఉడికించిన ఈకలను చిన్న తోలు సంచిలో కూరి, కుట్టి, ఆరబెడితే గట్టి బంతి తయారయ్యేది. ఎంత నేర్పరియైనా దినమంతా శ్రమిస్తే చేయగలిగినవి కొద్ది బంతులే. ఈకల ధూళి ఊపిరితిత్తులను తినివేసేది. మగ్గాల గదులలో నూలు ధూళి పీల్చి దగ్గిన తాతలను చూసిన మనకు ఆ బాధ వేరే చెప్పనవసరం లేదు.

1848 ప్రాంతంలో గట్టాపర్చా అనే చెట్టుపాలతో చేసిన బంతి వచ్చింది. ఆసియా నుండి వచ్చిన ఒక విష్ణుమూర్తి విగ్రహం చుట్టూ కూరిన గట్టాపర్చా నుండే ఆ పట్టణంలో తొలి బంతి పుట్టిందని ఒక కథ ప్రచారంలో ఉన్నది. కథ మాట ఎట్లున్నా, కొత్త బంతి చౌక, గట్టిది, పాడైతే కరిగించి మరల చేసుకోదగినది. అది తన జీవనోపాధికి గొడ్డలిపెట్టని గురువు భయపడ్డారు. ఒకనాడు టామ్ ఆ బంతితో ఆడుతూ గురువు కంటబడ్డారు. ఇద్దరికీ మాటామాటా పెరిగి, టామ్ ఆ దుకాణం విడిచి బయటకు వచ్చారు. తరువాత గురువు కూడ కొత్త బంతినే స్వీకరించక తప్పలేదు. కాలంతో వచ్చిన మార్పును శిష్యుడు ముందుగా గ్రహించడం గురువుకు అవమానం కాదని, ఉపాధ్యాయులమైన మేము ఈ ఘట్టం నుండి నేర్చుకోవలసి ఉన్నది.

1851లో ఆయన పడమటి తీరాన ప్రెస్ట్‌విక్ అనే ఊరికి వెళ్ళి, అక్కడి ఇసుక నేలలో పన్నెండు గుంటల మైదానాన్ని తీర్చిదిద్దారు. రాబర్ట్‌సన్ 1859లో మరణించగా, ఆయన తరువాత ఎవరు శ్రేష్ఠులో తేల్చడానికి 1860లో అక్కడే ఓపెన్ ఛాంపియన్‌షిప్ పోటీలు మొదలయ్యాయి. తొలి పోటీలో పాల్గొన్నవారు ఎనిమిది మందే. టామ్ రెండవ స్థానంలో నిలిచారు. ఆ పిమ్మట 1861, 1862, 1864, 1867 సంవత్సరాలలో విజేత అయ్యారు. చివరి విజయం నాటికి ఆయన వయస్సు 46 సంవత్సరాలు. ఆ పోటీలో అంతటి పెద్ద వయస్సులో గెలిచినవారు నేటికీ మరొకరు లేరు.

అయినను ఆయన కీర్తికి అసలు మూలం ఈ విజయాలు కావని నా అభిప్రాయం. 1865లో ఆయన స్వస్థలానికి మైదాన సంరక్షకునిగా తిరిగివచ్చారు. జీతం సంవత్సరానికి 50 పౌన్లు. ఇచ్చిన పనిముట్లు ఒక తోపుడు బండి, ఒక గుద్దలి, ఒక పార. మైదానం ఆదరణ లేక పాడుపడి ఉన్నది. ఆయన గుబురు పొదలను నరికించి బాటలు వెడల్పు చేశారు. అరిగిన చోట గడ్డి పరిచారు. పచ్చికపై పలుచగా ఇసుక చల్లితే గడ్డి దట్టంగా, నున్నగా ఎదుగుతుందని అనుభవంతో గ్రహించి, జీవితాంతం ఆ పద్ధతినే పాటించారు. మొదటి గుంటకూ చివరి గుంటకూ కొత్త పచ్చిక వేదికలు నిర్మించారు. చలికాలంలో సైతం వేకువనే సముద్ర స్నానం చేసి పనిలోకి దిగేవారు. మనుషులకు అవసరం లేకున్నా నేలకు వారానికొకనాడు విశ్రాంతి అవసరమని ఆయన దృఢ విశ్వాసం. ధనికుల కోసమైనా ఆ నియమం సడలించలేదు.

ఆయన కుమారుడు టామీ తండ్రిని మించిన ఆటగాడు. 1868లో 17 ఏళ్ళకే ఓపెన్ విజేత అయ్యాడు. ఆ సంవత్సరం రెండవ స్థానం తండ్రిదే. పుత్రుని చేతిలో ఓటమి కంటె తండ్రికి ఆనందం మరేమున్నది! 1869, 1870లలో కూడ టామీయే గెలవడంతో విజేతకు ఇచ్చే తోలు పటకా నియమానుసారం అతని సొంతమైంది. బహుమతి లేక 1871లో పోటీ జరుగలేదు. 1872లో మరల అతడే గెలిచాడు. నేటికీ విజేతలకిచ్చే వెండి కూజాపై మొదట చెక్కిన పేరు అతనిదే.

1875 సెప్టెంబరులో తండ్రీ కొడుకులు అఖాతానికి ఆవలి ఒడ్డున నార్త్ బెర్విక్‌లో జోడీగా ఒక పందెం ఆడుతున్నారు. ఆట ముగింపుకు వస్తుండగా, టామీ భార్య కష్టప్రసవంలో ఉన్నదని తంతి వచ్చింది. ఒక పెద్దమనిషి తన ఓడ ఇవ్వగా ఇద్దరూ సముద్రం మీదుగా బయలుదేరారు. వారు ఇల్లు చేరేసరికి తల్లీ లేదు, బిడ్డా లేడు. ఆ దుఃఖం నుండి టామీ కోలుకోలేదు. అదే సంవత్సరం డిసెంబరు 25న, 24 ఏళ్ళ వయస్సులో కన్నుమూశాడు. మరుసటి సంవత్సరం టామ్ భార్య కూడ మరణించారు. తొలి సంతానం అప్పటికే నాలుగేళ్ళ ప్రాయంలో పోయి ఉన్నది. తక్కిన బిడ్డలు సైతం ఒకరి తరువాత ఒకరు తండ్రి కంటె ముందే వెళ్ళిపోయారు. కన్న సంతానాన్నంతటినీ సాగనంపి మిగిలిన వ్యక్తి ఆయన.

అటువంటి మనిషి ఏమి చేయాలి? టామ్ మరల పార పట్టి మైదానానికి వెళ్ళారు. వృద్ధాప్యంలో సైతం ఓపెన్ పోటీలలో ఆడుతూనే ఉన్నారు. డోర్నాక్, మ్యూర్‌ఫీల్డ్, ఐర్లండులోని లహించ్ వంటి అనేక మైదానాల రూపకల్పనలో పాలుపంచుకున్నారు. సొంత బిడ్డలు ఆడని నేలలను ఊరి బిడ్డల కోసం సిద్ధం చేశారు. 1903లో పదవీ విరమణ చేశారు. 1908 మే 24న ఒక క్లబ్బు భవనంలో మెట్లపై నుండి జారిపడి, 87వ పుట్టినరోజుకు కొద్ది వారాల ముందు మరణించారు.

ఆ ఆదివారం సాయంకాలం మేము శిథిల దేవాలయ ప్రాంగణానికి వెళ్ళాము. అరవై గోల్ఫ్ సంఘాల చందాలతో నిలిపిన టామీ శిల్పం గోడలో ఠీవిగా ఉన్నది. తండ్రి సమాధి మాత్రం దాని చెంతనే నిరాడంబరంగా ఉన్నది. అయితే ఓల్డ్ కోర్స్ చివరి గుంటకు ఆయన పేరే పెట్టారు. ఆట ముగించే ప్రతివారూ ఆ పేరు గల నేలపై నడిచే ఇంటికి వెళ్ళాలి.

ప్రియమైన తల్లిదండ్రులారా, పూర్వ విద్యార్థులారా! మన పాఠశాల కూడ మన పెద్దలు దినకూలి నుండి మిగిల్చిన డబ్బుతో సంపాదించిన ఉమ్మడి నేలయే. నేడు కొన్ని తరగతులలో బెంచీలు ఖాళీగా కనబడుతున్నాయి. ఈ ఊరిలో తెలుగు మాధ్యమం ఇంకా దేనికని అడిగేవారూ ఉన్నారు. ఆ ప్రశ్నకు వాదనతో జవాబివ్వడం నాకు చేతకాదు. ప్రతిదినం వేళకు తలుపులు తెరిచి, ఉన్న పిల్లలకు శ్రద్ధగా చదువు చెప్పడమే నాకు తెలిసిన జవాబు. మరికొద్ది సంవత్సరాలలో నేను ఈ బాధ్యతను మరొకరికి అప్పగించవలసినదాననే. అరిగిన చోట పచ్చిక వేసి అప్పగించానన్న తృప్తి దక్కితే చాలు. ఆ పనిలో మీరందరూ తలా ఒక చేయి వేయవలసినదిగా ప్రార్థిస్తున్నాను.