విశ్వేశ్వరయ్యగారును గండిపేట చెరువును

కోలారు, చిక్కబళ్ళాపుర ప్రాంతముల తెలుగు కుటుంబములకు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పేరు క్రొత్తది కాదు. వారి పూర్వులు గిద్దలూరు ప్రాంతమునందలి మోక్షగుండము నుండి వలసవచ్చి ముద్దేనహళ్ళిలో స్థిరపడిరి. ఆ గ్రామముననే 1861 సెప్టెంబరు 15వ తేదీని ఆయన జన్మించిరి. బాల్యముననే తండ్రి గతింపగా, బెంగళూరులో మేనమామగారి యండను పొంది, పిల్లలకు పాఠములు చెప్పి ఆర్జించుకొనుచు 1881లో పట్టభద్రులైరి. పిదప మైసూరు ప్రభుత్వపు విద్యార్థి వేతనముతో పూనాలో ఇంజనీరింగు చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వపు కొలువున చేరిరి.

పూనా నగరమునకు నీరిచ్చు ఖడక్‌వాస్లా జలాశయమున ఏటేట వానకాలపు నీరు అలుగుపై పొరలి వృథాగా పోవుచుండెను. ఆనకట్టను ఎత్తు చేయుట వ్యయప్రయాసలతో కూడిన పని. విశ్వేశ్వరయ్యగారు అలుగుపై తలుపులమర్చిరి. నీరు నియమితమైన మట్టమును మించినచో అవి తమంత తామే తెరచుకొనును, తగ్గినచో మూసికొనును. 1903లో ఈ యేర్పాటు అమలులోనికి వచ్చెను.

1908 సెప్టెంబరు 28వ తేదీని హైదరాబాదునకు మహోపద్రవము సంభవించెను. ఎగువ కురిసిన కుంభవృష్టికి చెరువులు వరుసగా తెగి, మూసీనది నగరముపై విరుచుకొనిపడెను. వేలకొలది జనులు మృతినొందిరి. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరందురు. నిజాము ప్రభుత్వమువారి ఆహ్వానముపై 1909లో విశ్వేశ్వరయ్యగారు వచ్చి, పాత వానల లెక్కలను శోధించిరి. వరద ఊరు చేరిన పిదప పెనగులాడుటకంటె ఎగువనే నిలుపుట మేలని తేల్చి, మూసీపై నొకటి, ఉపనదియైన ఈసీపై నొకటి జలాశయములను ప్రతిపాదించిరి.

ఇందొక చిక్కు కలదు. త్రాగునీటి చెరువు నిండియుండవలెను. వరద నాపు చెరువు ఖాళీగా నుండవలెను. అంచువరకు నిండిన కాగులో మరియొక బిందె పోయవచ్చునా? ఒకే చెరువు రెండు పనులును చేయవలెనన్నచో, అడుగుభాగము నిండుగను, పైభాగము వరదకై వెలితిగను ఉంచక తప్పదు. దాహమునకు జడిసి నిండుగా నిలుపుదమనిపించును. వరద వచ్చినచో ఆ యాశయే ముప్పు తెచ్చును.

1909 చివరనే ఆయన మైసూరునకు చీఫ్ ఇంజనీరుగా పోయిరి. కావేరిపై కృష్ణరాజసాగరము, 1912 నుండి 1918 వరకు దివానుగిరి, 1955లో భారతరత్న బిరుదము మన పిల్లలెరిగినవే. నూరేండ్లు దాటి 1962 ఏప్రిల్ 14వ తేదీని బెంగళూరులో పరమపదించిరి.

మూసీపై చెరువు ఆయన హైదరాబాదును విడిచిన పదునొకండేండ్లకు, 1920లో, పూర్తియయ్యెను, ఈసీపైది 1927లో. ఉస్మాన్ సాగరము, హిమాయత్ సాగరము అని నిజామువంశపు పేర్లు పెట్టిరి. జనులు మాత్రము మొదటిదానిని గండిపేట యనియే పిలుతురు. గండిపేట నీళ్ళు త్రాగినవారు హైదరాబాదును విడువజాలరని ఒక నానుడి కలదు. నగరమునకు నేడు కృష్ణా, గోదావరి జలములును వచ్చుచున్నవి. అయినను సెలవు దినములలో కుటుంబములు అన్నపు మూటలతో గండిపేట గట్టుకు చేరి, చల్లగాలికి పిల్లల నాడించుకొనుచుండును. వానకాలమున మట్టము పెరిగినపుడు మాత్రము అచ్చటి ఉద్యోగులు తలుపులెత్తి, కొంతనీటిని మూసీలోనికి విడుచుచుందురు.